పోయిందని రాస్తారు, ఎలా పోయిందో రాయరు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో వారానికి ఒకసారైనా ఒకే రకం వార్త చూస్తున్నాను. ‘సైబర్ వలలో వ్యాపారి’ అనో, ‘లింకు నొక్కితే లక్షలు మాయం’ అనో పైన పెద్ద అక్షరాలు, లోపల నాలుగు లైన్లు. ఎవరికి పోయింది, ఎంత పోయింది, కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నట్టు ఎస్ఐ తెలిపారు. అంతే. అవతలివాడు ఏ మాట చెప్పాడు, ఇతను ఎందుకు నమ్మాడు, ఆ పూట పక్కనున్నవాళ్లు ఎవరైనా వద్దన్నారా, ఇవేవీ ఉండవు. చదివినవాడు ఏమనుకుంటాడు? ‘ఆశకి పోయుంటాడు, అయింది’ అనుకుని పేజీ తిప్పేస్తాడు. నేనూ అలాగే తిప్పేసేవాడిని, 2025 మే నెల దాకా.

మాది పలాస పక్కనే, కాశీబుగ్గలో చిన్న జీడి ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక బాయిలరు, నాలుగు కటింగ్ మిషన్లు, పప్పు ఒలిచే ఆడవాళ్లు ఇరవై మంది, ఒక గుమస్తా, నేను. పిక్కలు, అంటే పప్పు తియ్యని జీడి గింజలు, మా జిల్లాలోనే ఉద్దానం తోటల నుంచి వస్తాయి. సీజన్లో మందస వైపు నుంచి ఒక ఏజెంటు మాకు బస్తాలు తోలుతాడు, పదేళ్ల పైనుంచి తోలుతున్నాడు, తిత్లీ తుఫాను వచ్చి తోటలు నేలమట్టమైన ఏడాది కూడా ఎక్కడెక్కడో తిరిగి మాకు సరుకు చూపించిన మనిషి. మా మధ్య కాగితాలు తక్కువ, నమ్మకం ఎక్కువ. లెక్కలన్నీ వాట్సాప్‌లోనే. బస్తాల ఫొటో, కాటా చీటీ ఫొటో, కింద ధర, ‘సరే అన్నా’ అని ఒక మెసేజీ, అయిపోయింది వ్యాపారం.

ఆ రోజు 12 బస్తాలు దిగాయి. 80 కిలోల బస్తా 14,800 చొప్పున మొత్తం 1,77,600 రూపాయలు. ఉదయం పదకొండు గంటలప్పుడు ఏజెంటు నంబరు నుంచి వాట్సాప్ మెసేజీ వచ్చింది. ‘అన్నా, నా ఖాతాకి ఏదో కేవైసీ అడ్డం పడింది, ఈ పూటకి మా బావమరిది ఖాతాలో వేసెయ్యండి, తోటలో కూలీలకి ఇవ్వాలి’ అని. కింద ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడు. పాత మెసేజీల కిందే వచ్చింది, డీపీలో ఆయన ఫొటోయే, 12 బస్తాలు అన్న లెక్కా సరిపోయింది. మా గుమస్తా నెట్ బ్యాంకింగ్ తెరిచి కొత్త ఖాతా ఎక్కించాడు. అక్కడ ఖాతాదారు పేరు వచ్చింది. ఎక్కడో ఉత్తరాది పేరు. ఈ పేరు చూపించే ఏర్పాటు అప్పటికి కొత్తది, ఆర్టీజీఎస్, నెఫ్ట్ అనే బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే పద్ధతుల్లో డబ్బు పంపే ముందు అవతలి పేరు చూపించాలని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 1 కల్లా బ్యాంకులన్నిటి చేతా పెట్టించింది. సరిగ్గా ఇలాంటి మోసాలు ఆపడానికే పెట్టారు. మా గుమస్తా ఆ పేరు చూసి ఆగాడు. ‘బాబూ, ఈ పేరు మనోళ్ల పేర్లా లేదు, ఓపాలి ఫోన్ సేసి అడగమంటారేటి?’ అన్నాడు.

నేనేమన్నానో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ‘ఆయన నంబరు నుంచే కదరా వచ్చింది, పదేళ్ల మనిషిని అనుమానిస్తావా, కానియ్’ అన్నాను. పక్కన ఇద్దరు బేరగాళ్లు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు గుమస్తా నన్ను ఎదురు ప్రశ్న వేసినట్టు అనిపించింది నాకు. అంతే సంగతి. రిజర్వు బ్యాంకు పెట్టిన కాపలా పనిచేసింది, 13 వేల జీతగాడి బుర్ర పనిచేసింది, యజమాని గారి బుర్ర పనిచెయ్యలేదు.

సాయంత్రం నాలుగున్నరకి ఏజెంటు మామూలు ఫోన్ చేశాడు, ‘అన్నా, డబ్బులు ఇంకా పడలేదు’ అని. పొద్దున్నుంచి తోటల్లో ఉన్నాడట, సిగ్నల్ లేదట. ఆయన ఫోన్లో చూస్తే ఆ మెసేజీయే లేదు, చెరిపేశారు. తర్వాత తేలింది ఏమిటంటే, అంతకు పది రోజుల ముందు ఎవరో ఆయనకి ఫోన్ చేసి ‘మీ వాట్సాప్ ఆగిపోబోతోంది, ఇప్పుడు చెప్పే ఎనిమిది అక్షరాల కోడు ఎక్కించండి’ అన్నాడు, ఈయన ఎక్కించేశాడు. ఆ కోడుతో ఆయన వాట్సాప్ ఇంకొకడి కంప్యూటర్‌లో కూడా తెరుచుకుంది. ఫోన్ ఈయన దగ్గరే ఉంది, వాట్సాప్ మామూలుగానే పనిచేస్తోంది, అనుమానమెందుకొస్తుంది? పది రోజులు వాడు మా కాటా చీటీలు, మా ధరలు, మేం ఒకళ్లనొకళ్లు ఎలా పిలుచుకుంటామో అన్నీ కూర్చుని చదువుకున్నాడు. డబ్బు కదిలే రోజు దాకా ఆగాడు. ఇందులో హ్యాకింగ్ అన్నంత గొప్ప విద్య ఏమీ లేదండి, దొంగకి కావలసింది ఓపిక, మన పక్క నుంచి ఒక్క నిమిషం మొహమాటం.

మీరు మీ ఫోన్లో వాట్సాప్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కి ‘లింక్డ్ డివైసెస్’ అన్న చోట చూడండి. మీరు ఎక్కించని కంప్యూటర్ పేరు అక్కడ కనబడితే వెంటనే దాని మీద నొక్కి లాగ్ అవుట్ చెయ్యండి. పట్టుమని పది సెకన్లు పట్టదు. ఈ ఉత్తరంలో మిగతాది అచ్చెయ్యకపోయినా ఈ ఒక్క ముక్క వెయ్యండి సార్.

ఇక ఫిర్యాదు సంగతి. విషయం తెలిశాక నేను చేసిన రెండో తప్పు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చెయ్యకపోవడం. ఆ నంబరు తెలియక కాదు, రింగుటోన్లలో చెప్పీ చెప్పీ చెవులు చిల్లులు పడ్డాయి కదా. పరువు. పలాస బజారులో ఒక మాట బయటికొస్తే సాయంత్రానికి అందరి నోళ్లలో ఉంటుంది. ఫలానావాడికి రెండు లక్షలు పోయాయట అంటే రేపు పిక్కలు అప్పు మీద ఇచ్చేవాడు ముందూ వెనకా చూస్తాడు. ఆ ఆలోచనతో, తెలిసిన బ్యాంకు ఉద్యోగి ఒకాయనతో గుట్టుగా మాట్లాడి ఏదో చేద్దామని గంటన్నర పోగొట్టాను. చివరికి ఆయనే తిట్టినంత పని చేసి 1930కి చేయించాడు. వాళ్లు అడిగేవి ఇవి: డబ్బు ఎప్పుడు పంపారు, ఎంత, ఏ బ్యాంకు నుంచి, లావాదేవీ నంబరు, అంటే మనం యూటీఆర్ అనేది. అది దగ్గర పెట్టుకుని చేస్తే పని తొందరగా అవుతుంది. వాళ్లు ఆ డబ్బు ఏ ఖాతాలోకి వెళ్తే అక్కడికి, అక్కడి నుంచి ఇంకో ఖాతాకి వెళ్తే అక్కడికి కబురు పంపి మిగిలినది కదలకుండా ఆపుతారు. మాది ఆపేసరికి మూడు ఖాతాలు దాటేసింది, చాలావరకు ఏటీఎంలలో తీసేశారు. 31,000 ఆగింది. అదైనా నా చేతికి రావడానికి కోర్టు చుట్టూ ఎన్ని నెలలు తిరిగానో చెబితే ఇంకో ఉత్తరం అవుతుంది. ఆ గంటన్నర ముందే చేసి ఉంటే ఎంత ఆగేదో ఎవరూ చెప్పలేరు, కానీ రాత్రిళ్లు నాకు ఆ లెక్కే తిరుగుతుంది.

ఇక్కడ ఒక చట్టం ముక్క కూడా చెప్పాలి, చాలామంది సగం విని ధీమాగా ఉన్నారు. మన తప్పు లేకుండా, బ్యాంకు తప్పూ లేకుండా, బయటివాడెవడో మన ఖాతాలోంచి డబ్బు లాగేస్తే, బ్యాంకు నుంచి కబురు అందాక మూడు పని దినాల్లోపు చెబితే నష్టం మన మీద పడదని 2017 జులైలో రిజర్వు బ్యాంకు చెప్పింది. నిజమే. కానీ మన చేత్తో మనం పిన్ కొట్టి, పాస్‌వర్డ్ కొట్టి పంపితే అది ఆ లెక్కలోకి రాదు. నాది అలాగే అయింది. బ్యాంకు వాళ్లు ఆ మాటే మర్యాదగా చెప్పి పంపించారు, వాళ్లని అనడానికి కూడా నా దగ్గర ఏమీ లేదు.

నా సంగతి తెలిశాక (తెలియకుండా ఉంటుందా!) బజారులో ఒకరి తర్వాత ఒకరు వచ్చి చెవిలో చెప్పడం మొదలుపెట్టారు. ఏణ్ణర్థం నుంచి కడుపులో పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒకాయనకి నేవీ క్యాంటీన్ నుంచి అని హిందీలో ఫోన్ వచ్చింది, విశాఖలో నేవీ ఉంది కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. 240 గ్రేడు గుండు పప్పు 50 కిలోలు కావాలి, బేరం ఆడలేదు. అసలు అక్కడే అనుమానం రావాలి, పప్పు కొనడానికొచ్చి బేరమాడనివాడు మన జిల్లాలో పుట్టాడా? యూనిఫాం వేసుకున్న ఐడీ కార్డు ఫొటో పంపాడు. డబ్బు పంపాలంటే మా ఆఫీసు పద్ధతి ప్రకారం ముందు ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకు డబ్బు పడుతుంది అన్నాడు. స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పోవడమే తప్ప రావడం ఉండదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, ఎప్పుడూ అక్కర్లేదు. మనుషుల మధ్య డబ్బు ‘అడిగే’ రిక్వెస్టుల్ని యూపీఐలో 2025 అక్టోబరు 1 నుంచి ఎత్తేశారు, క్యూఆర్ మోసం మాత్రం ఆగలేదు.

ఇంకో మిత్రుడిది మందుల షాపు. ఆయనది డబ్బు పోయిన కేసు కాదు, లెక్కలు పోయిన కేసు. బిల్లింగ్ కంప్యూటర్ పొద్దున్న ఆన్ చేస్తే ఫైళ్లన్నిటి పేర్ల వెనక ఏదో తోక, తెర మీద ఇంగ్లిషులో బెదిరింపు, బిట్‌కాయిన్లో డబ్బు కడితే తాళం తీస్తామని. ఎవరో కుర్రాడు ఎప్పుడో వేసిన దొంగ విండోస్, ఏడో నంబరుది. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే చేతులు దులుపుకుంది. ‘బ్యాకప్ లేదా’ అంటే ‘ఎందుకు లేదు, రోజూ పెన్ డ్రైవ్‌లోకి వెళ్తుంది’ అన్నాడు. ఎక్కడుంది ఆ పెన్ డ్రైవ్? కంప్యూటర్ వెనకాలే గుచ్చి ఉంది, మూడేళ్ల నుంచి. తీసిందే లేదు. కంప్యూటర్‌తో పాటు దానికీ తాళం పడింది. ఇంటి తాళం చెవి తలుపుకే వేలాడదీసి ఊరెళ్లినట్టుంది ఆ సంగతి. నాలుగేళ్ల బాకీల పట్టీ పోయింది. ఎవరు ఎంత ఇవ్వాలో ఇప్పుడు ఇవ్వాల్సినవాళ్ల మనస్సాక్షి మీద ఆధారపడి వసూలు చేసుకుంటున్నాడు. ఎలా నడుస్తోందో మీరే ఊహించుకోండి.

ఇది చిన్న దుకాణాల ఖర్మే అనుకోవద్దు. 2017 మేలో వన్నాక్రై అని ఒక వైరస్ ప్రపంచమంతా తిరిగినప్పుడు మన రాష్ట్రంలో పోలీసుల కంప్యూటర్లనే పట్టుకుంది, అందులో మన శ్రీకాకుళం జిల్లా కూడా ఉంది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందు, మార్చిలోనే వచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. ఇప్పుడు విండోస్ పదికి కూడా 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. మన బజారులో ఎన్ని కంప్యూటర్లు పది మీద నడుస్తున్నాయో ఒకసారి తిరిగి చూస్తే తెలుస్తుంది. ‘పనిచేస్తోంది కదా’ అంటారు. పనిచేస్తుంది, దాని గురించి కాదు బెంగ.

జీఎస్టీ పాస్‌వర్డుల గురించి ఎక్కువ రాయను, రాస్తే మా ఆడిటర్ గారికి కోపం వస్తుంది. ఒక్క మాట మాత్రం. మీ సంస్థ జీఎస్టీ ఖాతాకి రిజిస్టరైన ఫోన్ నంబరు, ఈమెయిలు ఎవరివో మీకు తెలుసా? నేను చూసుకునేసరికి, మూడేళ్ల క్రితం ఆడిటర్ ఆఫీసులో పని మానేసి వెళ్లిపోయిన కుర్రాడి ఈమెయిలు ఉంది. పాస్‌వర్డు మా ఫర్ము పేరు, పక్కన 123. ఆ ఆఫీసులో ఇంకెన్ని ఫర్ములకి అదే వరసో అడగలేదు.

ఇప్పుడు మా ఫ్యాక్టరీలో ఏం చేస్తున్నామంటారా? పెద్ద ఖర్చేమీ లేదు. మా నాన్నగారి రోజుల్లో ఇనప్పెట్టె తాళం ఆయన మొలతాడుకి ఉండేది, అమ్మకి కూడా ఇచ్చేవారు కాదు. ఆ ఇనప్పెట్టెలో ఉన్నదానికి పదింతలు ఇప్పుడు నా ఫోన్లో ఉంది, ఆ ఫోన్ని నేను మా మనవడికి బొమ్మలు చూడమని ఇస్తాను. ముందు అది మానేశాను. బ్యాంకు ఓటీపీలు వచ్చే సిమ్ముని తీసి పద్నాలుగు వందల రూపాయల బటన్ ఫోన్లో వేశాను. పెళ్లి కార్డు అనో, పీఎం కిసాన్ అనో, చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేవి, ఆ ఫోన్లో ఎక్కవు, ఎక్కాలన్నా దానికి తెలియదు. మా ఒలుపు పని చేసే ఆవిడ ఒకామె, వాళ్ల డ్వాక్రా గ్రూపులో వచ్చిన అలాంటి పెళ్లి కార్డే తెరిచి, ఫోన్‌కి వచ్చే మెసేజీలన్నీ ఎవడికో అప్పగించుకుంది. ఆవిడ ఖాతాలో అప్పుడు 640 రూపాయలే ఉండబట్టి సరిపోయింది.

వాట్సాప్‌కి టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్, అంటే మన నంబరుని ఇంకో ఫోన్లో ఎక్కించబోతే అడిగే రహస్య అంకెలు, పెట్టాం. శనివారం కూలి బట్వాడా అయ్యాక, చేతులు కడుక్కునే ముందు, లింక్డ్ డివైసెస్ చూస్తాం, గుమస్తా ఫోన్లోనూ నా ఫోన్లోనూ. లెక్కల బ్యాకప్‌కి రెండు డ్రైవులు, రోజు మార్చి రోజు, ఒకటి ఎప్పుడూ ఇంట్లో ఉంటుంది. రోజువారీ చెల్లింపులకి వేరే కరెంటు ఖాతా తెరిచి అందులో ఆ వారానికి సరిపడా మాత్రమే ఉంచుతున్నాం. వీటన్నిటికంటే పనికొచ్చినది మాత్రం పద్దు పుస్తకం. ఎర్ర అట్ట పుస్తకంలో మాకు సరుకిచ్చేవాళ్లందరి ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు చేత్తో రాసి పెట్టాం. ఖాతా మారిందని ఎవరు ఎక్కడ నుంచి మెసేజీ పెట్టినా, ఆ మెసేజీలో ఉన్న నంబరుకి కాదు, ఆ పుస్తకంలో ఉన్న నంబరుకి మామూలు ఫోన్ చేసి, గొంతు విని, ఆ తర్వాతే పైసా కదులుతుంది. ఫోన్ చేసేది గుమస్తా. వద్దనే హక్కు నాకు లేదని నేనే ఆ పుస్తకం మొదటి పేజీలో రాసి సంతకం పెట్టాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోనివ్వండి.

పోలీసువారికి కూడా ఒక మనవి. మీరు అవగాహన సదస్సులు పెడుతున్నారు, మంచిదే, కానీ అన్నీ కాలేజీల్లో. ఆ పిల్లలకి మీకంటే ఎక్కువ తెలుసు. పలాసలోనో, నరసన్నపేటలోనో, శ్రీకాకుళం జీటీ రోడ్డులోనో మధ్యాహ్నం రెండున్నరకి, బేరాలు పల్చబడ్డప్పుడు రండి. యజమానుల్ని కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువాలు కప్పకండి, గుమస్తాల్ని పిలవండి, ఫోన్లు తెరిపించి ఒక్కొక్కటీ చూపించండి. సరిహద్దు వైపు, ఇచ్ఛాపురంలో ఒడియాలో చెబితే ఇంకా మంచిది. మీకు ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాణ్ణి ‘చదువుకున్నావు కదా, ఎలా పంపావయ్యా’ అని మొదటి ప్రశ్న వెయ్యకండి. నన్ను వేశారు. ఆ ప్రశ్నకి భయపడే సగం మంది రారు.

సంపాదకులు గారూ, మీకూ ఒక మనవి. పోయినవాడి పేరు వద్దు, ఊరు కూడా వద్దు. ఎలా పోయిందో వెయ్యండి, మెసేజీలో ఏ మాటలు ఉన్నాయో ఉన్నవి ఉన్నట్టు వెయ్యండి. సినిమా ప్రకటనకి సగం పేజీ ఉన్నప్పుడు దీనికి ఓ ఆరంగుళాలు దొరకవా?

మొన్న నేను విశాఖలో ఆసుపత్రిలో ఉన్నాను, మా ఆవిడకి కంటి ఆపరేషన్. కౌంటర్లో డబ్బు తక్కువైతే, ఆసుపత్రి ఖాతా నంబరు పెట్టి 20,000 వెయ్యమని గుమస్తాకి వాట్సాప్ చేశాను. వెయ్యలేదు. రెండు నిమిషాలకి బటన్ ఫోన్ మోగింది. ‘బాబూ, మీరేనా? అమ్మగారిది ఏ కన్నో సెప్పండి’ అన్నాడు. కౌంటర్లో పిల్ల విసుక్కుంటోంది, వెనక లైను. ఎడమ కన్ను అని చెప్పాక వేశాడు.

నా పేరు, చిరునామా వేరే కాగితం మీద రాసి దీనితో జతచేశాను. అవి మాత్రం దయచేసి అచ్చులో వెయ్యకండి, పిక్కలు అప్పు మీద ఇచ్చేవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు మిగిలి ఉన్నారు.

ఇట్లు,
ఒక జీడి వ్యాపారి,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా